బర్గర్ అంటే నీళ్ళ లెక్క

మొదటిసారి నేను చేసిన గ్రీకు చికెన్ బర్గర్‌ను మా ఇంట్లో ఎవరూ పూర్తిగా తినలేదు. మధ్యలోని ప్యాటీ పాలు తీసేసిన కొబ్బరి పిప్పిలా ఉంది. దానిమీద వేసిన పెరుగు మాత్రం మణికట్టు దాటి మోచేతి దాకా కారింది. కింది బన్ను తడిసి చేతిలోనే విడిపోయింది. పిల్లలు మర్యాదకొద్దీ నోరెత్తలేదు. చివరికి మిగిలిన ప్యాటీలన్నీ చిదిమి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి వేయించి చపాతీల్లోకి కూర చేశాను. అది మాత్రం గిన్నె ఖాళీ అయింది.

దినుసులన్నీ మంచివే. కొలతలూ సరైనవే. మరి తప్పెక్కడ జరిగిందని ఒక్కో మెట్టూ వెనక్కి చూసుకుంటే తేలింది: ఉండాల్సిన చోట నీళ్ళు పోయాయి, పోవాల్సిన చోట ఉండిపోయాయి. మాంసం తన నీరంతా పెనం మీద వదిలేసింది. కీరదోస, పెరుగు తమ నీరంతా బన్నులోకి వదిలాయి.

ఈ లెక్క మన వంటింటికి కొత్తది కాదు. గారెలపిండిలో ఒక గరిటెడు నీళ్ళు ఎక్కువైతే ఏమవుతుందో, మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఎలా దిగుతుందో తెలిసిన చేతులే మనవి. ఆ తెలివిని ఈ బర్గర్‌కు ఎక్కడెక్కడ వాడాలో ఓపిగ్గా చూద్దాం.

ఇంతకీ ఇది గ్రీసుదేనా?

రుచి గ్రీసుదే, రూపం కాదు. గ్రీసు ఇళ్ళలో, పెనం వంటల హోటళ్ళలో తరచూ కనబడేది ‘బిఫ్తేకి’. కైమాలో ఉల్లి, నానబెట్టిన బ్రెడ్డు, ఒరెగానో కలిపి, వెడల్పుగా తట్టి, నిప్పుల మీదో పెనం మీదో కాలుస్తారు. కొందరు మధ్యలో ఫెటా చీజ్ కూరుతారు. పక్కన వేయించిన బంగాళాదుంపలు, ఒక నిమ్మచెక్క. బన్నుతో పని లేదు. పేరు మాత్రం బీఫ్‌స్టేక్ అనే ఇంగ్లీషు మాట ఊళ్ళు తిరిగి గ్రీకులో స్థిరపడినది.

దీనికంటే చిన్నగా, ఉండలుగా చేసి నూనెలో వేయించేవి ‘కెఫ్తెదెస్’. ఈ మాట మనకు చుట్టమే. పారశీకంలో దంచినదని అర్థమిచ్చే ‘కూఫ్తే’ ఒకవైపు తుర్కీ మీదుగా గ్రీకులోకి వెళ్ళింది, ఇంకోవైపు మన హోటళ్ళలో కోఫ్తా అయింది. 1923లో లోజాన్ ఒప్పందం ప్రకారం గ్రీసు, టర్కీ జనాభాను మార్చుకున్నప్పుడు ఆసియా మైనరు నుంచి దాదాపు 12 లక్షల మంది గ్రీకులు నిరాశ్రయులై గ్రీసు చేరారు. జీలకర్ర ఘాటుతో ఉండే, అక్కడి స్మిర్నా నగరపు కైమా ఉండలు వాళ్ళతోపాటే వచ్చి గ్రీకు వంటలో కలిసిపోయాయి. అందుకే ఈ బర్గర్‌లో చిటికెడు జీలకర్ర పొడి వేస్తే గ్రీకులెవరూ కోప్పడరు. గరం మసాలా వేస్తే మాత్రం అది షామీ కబాబ్ దారి పడుతుంది.

ఇలాంటి రుచుల్ని అమెరికా, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో బర్గర్ అచ్చులో పోస్తే గ్రీకు బర్గర్ అయింది. కోడిమాంసం కైమాలో ఫెటా, పాలకూర, ఆలివ్ కాయలు, ఒరెగానో, నిమ్మ. పైన పెరుగుతో చేసే ‘జాజీకి’. దీని ఒడ్డూ పొడుగూ ఇంతే.

కోడిమాంసంతో వచ్చే చిక్కు

పచ్చి కోడిమాంసంలో సుమారు 75 శాతం నీరే. వేడి 60 డిగ్రీలు దాటేసరికి మాంసపు పోగులు ముడుచుకుంటూ ఆ నీటిని బయటికి నెడతాయి. తడిబట్టను మెలిపెట్టి పిండినట్టే. అమెరికాలో బర్గర్లకు వాడే బీఫ్ కైమాలో సాధారణంగా 20 శాతం దాకా కొవ్వు ఉంటుంది. నీరు పోయినా కరిగిన కొవ్వు నోటికి మెత్తదనం ఇస్తుంది. చర్మం తీసిన కోడి రొమ్ములో కొవ్వు 3 శాతం లోపే. నీరు పోతే ఇక అక్కడ మిగిలేది పీచే.

కాబట్టి మొదటి జాగ్రత్త చికెన్ కొట్టు దగ్గరే మొదలవుతుంది. ‘బోన్‌లెస్ కైమా’ అని అడిగితే ఎక్కువగా రొమ్ము మాంసమే కొట్టిస్తారు. తొడ మాంసం ఎముక తీసి ఇమ్మని అడగండి. అందులో కొవ్వు కాస్త ఎక్కువ, పోగుల మధ్య జిగురిచ్చే పదార్థమూ ఎక్కువే. తొడ మాంసం మూడు వంతులు, రొమ్ము ఒక వంతు అయినా బాగుంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్ళకు సూపర్ మార్కెట్‌లో చికెన్ కైమా ప్యాకెట్లలోనే దొరుకుతుంది. దానిమీద కొవ్వు ఎంత శాతమో చూసి, ఎక్కువున్నదే తీసుకోవాలి. బర్గర్ విషయంలో పొదుపు పనికిరాదు.

రెండో జాగ్రత్త కడగడం. కైమాను కడిగితే అది స్పంజిలా నీళ్ళు పీలుస్తుంది. ఆ నీళ్ళు మాంసం పట్టుకోగలిగేవి కావు, పెనం మీద పడగానే వదిలేస్తుంది. కడగకుండా మాంసం వండడం మన ఇళ్ళలో మనసొప్పని పని. అలాంటప్పుడు ముక్కలుగా ఉన్నప్పుడే, గిన్నెలో మెల్లగా కడగండి. కుళాయి జోరుగా వదిలితే తుంపర్లతో పాటు మాంసం మీది సూక్ష్మజీవులు గట్టంతా, పక్కన ఆరబెట్టిన గిన్నెల మీదంతా చేరతాయి. కడిగాక పొడిబట్టతోనో టిష్యూతోనో తడి లేకుండా ఒత్తండి.

ఇంట్లోనే మిక్సీలో కైమా చేసుకోవచ్చు. అంగుళం ముక్కల్ని పళ్ళెంలో పరిచి 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, జారులో కొద్దికొద్దిగా వేసి, ఆపుతూ ఆపుతూ తిప్పండి. ఏకబిగిన తిప్పితే బ్లేడు వేడికి మాంసం పేస్టు అవుతుంది. బరకగా ఉంటేనే పోగుల మధ్య రసం నిలిచే సందులుంటాయి. పచ్చడి బండమీద నూరితే ఒక రుచి, మిక్సీలో మెత్తగా పడితే ఇంకో రుచి అని మనకు తెలిసిందే.

నానిన బ్రెడ్డు చేసే పని

కైమా ఉండలు చేసేటప్పుడు పుట్నాల పొడి ఎందుకు కలుపుతాం? ఉండ విడిపోకుండా అని చెబుతాం. నిజానికి ఆ పిండి ఇంకో పని కూడా చేస్తుంది. మాంసం వదిలే రసాన్ని తాను పీల్చి ఉండలోనే ఆపుతుంది. గ్రీసులో అదే పని నిలవ బ్రెడ్డు చేస్తుంది.

ఒక బ్రెడ్డు ముక్క అంచులు తీసి, మూడు పెద్ద చెంచాల పాలల్లో ఐదు నిమిషాలు నానబెట్టి, వేళ్ళతో చిదిపి గుజ్జు చేయండి. ఆ గుజ్జులో నీరుంది, కానీ పిండిపదార్థంలో చిక్కుకుని ఉన్న నీరు. వేడికి మాంసపు పోగులు ముడుచుకున్నా ఇది అంత తేలిగ్గా కారిపోదు. పైగా పోగుకూ పోగుకూ మధ్య అడ్డుపడి, అన్నీ కలిసి బిగుసుకుపోకుండా చూస్తుంది. పొడి బ్రెడ్డు పొడిని నేరుగా కలిపితే అది మాంసంలోని నీటినే తాగేస్తుంది. మొదటిసారి నేను చేసిన తప్పుల్లో అదొకటి.

కొవ్వు లోటు తీర్చడానికి ఒక పెద్ద చెంచా ఆలివ్ నూనె చాలు. గుడ్డు అక్కర్లేదు. గుడ్డు వేస్తే ముద్ద జారుగా అయి, దాన్ని గట్టిపరచడానికి మళ్ళీ పొడి కలపాల్సి వస్తుంది. అక్కడితో లెక్క తప్పుతుంది.

ఉప్పు ఎప్పుడు వేయాలి?

ఉప్పు తగలగానే మాంసపు పోగుల్లోని ఒక రకం ప్రొటీన్ కరిగి జిగటగా బయటికి వస్తుంది. ఆ జిగురే ప్యాటీని పట్టి ఉంచుతుంది. అయితే ఉప్పు వేసి ఎక్కువసేపు పిసికినా, గంటల తరబడి వదిలేసినా ఆ జిగురు మితిమీరి, కాలిన తర్వాత ప్యాటీ సాసేజ్‌లా సాగుతుంది. పంటికింద రబ్బరులా తగిలితే కారణం సాధారణంగా ఇదే.

అందుకని క్రమం ఇలా పెట్టుకోండి. ఉప్పు, ఫెటా తప్ప మిగిలినవన్నీ కైమాలో కలిపి, గిన్నె మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పెనం పెట్టబోయే ముందు ఉప్పు, ఫెటా వేసి, ముద్ద చేతికి కొంచెం అంటుకునేదాకా ఒక నిమిషం కలపండి. చపాతీపిండిలా మర్దన చేయనక్కర్లేదు. వెంటనే ప్యాటీలు తట్టేయండి.

ఆకుకూర, ఉల్లి: పిండితేనే లోపలికి

పాలకూరలో 90 శాతానికి పైగా నీరే. తరిగి పచ్చిగా కలిపితే పెనం మీద ఆ నీరంతా ఆవిరై ప్యాటీని లోపలి నుంచి చీలుస్తుంది. నూనె లేకుండా మూకుడులో ఆకును రెండు నిమిషాలు వాడ్చి, చల్లారాక గుప్పిట పట్టి గట్టిగా పిండండి. కట్టెడు ఆకు నిమ్మకాయంత ముద్ద అవుతుంది. దాన్ని సన్నగా తరిగి కలపాలి.

ఉల్లిపాయనూ తురిమి, పిండి, పిప్పి మాత్రమే వేయాలి. ఆ రసం పారబోయకండి, సాయంత్రం పప్పులోకి పనికొస్తుంది. ఆలివ్ కాయలు సీసాలోని ఉప్పునీటిలోంచి తీసి, తుడిచి తరగండి. గ్రీసులో పేరుమోసిన కలమాత ఆలివ్‌లు ఊదారంగులో, కొసదేలి ఉంటాయి. అవి దొరక్కపోతే మామూలు నల్ల ఆలివ్‌లు సరిపోతాయి. ఎండబెట్టిన టమాటా దొరికితే రెండు ముక్కలు సన్నగా తరిగి వేయండి. ఎండలో నీరు ఎగిరిపోయింది గనుక దాని పులుపు తప్ప తడి రాదు. పచ్చి టమాటా ముద్దలో కలపొద్దు.

ఫెటా సంగతి

ఈ బర్గర్‌కు గ్రీకు గుర్తింపు ఇచ్చేది ఫెటా. ఉప్పునీటిలో ఊరబెట్టిన తెల్లని చీజ్, నొక్కితే పొడిపొడిగా విరుగుతుంది. ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం ఫెటా అంటే గ్రీసులోని నిర్ణీత ప్రాంతాల్లో గొర్రెపాలతో చేసినదే. మేకపాలు 30 శాతం మించకుండా కలపొచ్చు. ఆవుపాలు కూడదు. కనీసం రెండు నెలలు మాగాలి. 2002లో ఈ పేరుకు రక్షణ ఇచ్చాక డెన్మార్క్, జర్మనీ కోర్టుకెక్కాయి. 2005లో ఐరోపా న్యాయస్థానం గ్రీసు పక్షానే తీర్పు చెప్పింది. డెన్మార్క్ కంపెనీలు ఐరోపా బయటి దేశాలకు ఫెటా పేరుతో ఆవుపాల చీజ్‌ను ఎగుమతి చేయడం మీద 2022లో మరో తీర్పు వచ్చింది, అదీ గ్రీసుకు అనుకూలంగానే. మనకు తిరుపతి లడ్డూ, బందరు లడ్డూల మీద ఉన్నట్టే, ఊరి పేరుతో ముడిపడిన తిండి మీద వాళ్ళకూ అంత పట్టింపు.

మన సూపర్ మార్కెట్లలో ఆవుపాలతో చేసినవీ ఫెటా పేరుతో కనబడతాయి. వాడకూడదని కాదు. వాటిలో గొర్రెపాల ఘాటు ఉండదని తెలిసి వాడుకోండి. డబ్బా తెరిచాక మిగిలిన ముక్కను దాని ఉప్పునీటిలోనే ఉంచి ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోదు.

ఫెటా దొరకని ఊళ్ళో పనీర్‌తో దారి చేసుకోవచ్చు. పావు లీటరు నీళ్ళలో మూడు చెంచాల ఉప్పు, అర నిమ్మకాయ రసం కలిపి, వంద గ్రాముల పనీర్ ముక్కల్ని రాత్రంతా ఫ్రిజ్‌లో ఊరనివ్వండి. పొద్దున తీసి, బట్టతో ఒత్తి, చేత్తో చిదపండి. ఇది ఫెటా అవుతుందని చెప్పను. ఫెటా చేసే పని మాత్రం చేస్తుంది: వేడికి పూర్తిగా కరిగి కారిపోదు, నాలుగు కొరుకులకొకసారి ఉప్పగా, పుల్లగా తగులుతుంది.

ఒరెగానో, మన వాము

పిజ్జాతో వచ్చే చిన్న పొట్లంలోని ఎండాకే ఒరెగానో. గ్రీకులు ‘రీగని’ అంటారు. తాజా ఆకు కన్నా ఎండుటాకునే ఎక్కువగా వాడతారు, ఎందుకంటే ఎండితే నీరు పోయి వాసన చిక్కబడుతుంది. దాని ఘాటుకు కారణం ముఖ్యంగా కార్వక్రాల్, థైమాల్ అనే రెండు నూనె పదార్థాలు. ఇందులో థైమాల్ మన వాములో ప్రధానంగా ఉండేదే. పెరట్లో దళసరి ఆకులతో పెరిగే వామాకు వేరే మొక్క అయినా దాని వాసనా ఈ కుటుంబానిదే. ఒరెగానో నలిపితే వామాకు బజ్జీలు గుర్తొస్తే మీ ముక్కు తప్పు చెప్పడం లేదు.

అలాగని ఒరెగానోకు బదులు చెంచాడు వాము వేయకండి, మాంసం రుచిని మింగేస్తుంది. ఒరెగానో లేకపోతే నాలుగైదు వాము గింజలు నలిపి, ఎండు పుదీనా ఆకు చెంచాడు కలపండి. ఏ ఎండాకునైనా వేసే ముందు అరచేతిలో నలిపి వేస్తేనే నూనె బయటికి వస్తుంది. నిమ్మతొక్క పైపొర తురుము కూడా కొంచెం కలపండి. తెల్లపొర చేదు, దాని దాకా తురమొద్దు. నిమ్మరసం ముద్దలో కలపకుండా తినేముందు పిండుకోవడం మంచిది.

జాజీకి: గట్టి పెరుగుపచ్చడి

జాజికాయతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. వడగట్టిన పెరుగు, కీరదోస, వెల్లుల్లి, ఆలివ్ నూనె, కాస్త వెనిగర్ కలిపితే జాజీకి. మన కీర పెరుగుపచ్చడికి దగ్గరిదే, పోపు ఉండదు, పలుచన పనికిరాదు. గరిటెతో తీస్తే జారకుండా నిలవాలి. అన్నంలో కలుపుకునే పెరుగుపచ్చడి జారుగా ఉంటేనే బాగుంటుంది. బన్నులో పెట్టేది అలా ఉంటే మోచేతి దాకా ప్రయాణం తప్పదు.

అర లీటరు గట్టి పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, మూడు గంటలు ఫ్రిజ్‌లో వదిలేయండి. మన ఎండలకు బయట వేలాడదీస్తే నీరు దిగేలోపే పులిసిపోతుంది. సగానికి సగం తగ్గి మీగడలా తయారవుతుంది. కిందికి దిగిన నీటితో చపాతీపిండి కలుపుకోండి, చపాతీలు మెత్తగా వస్తాయి.

కీరదోస చెక్కు తీసి, నిలువుగా చీల్చి, గింజలు చెంచాతో గీకేసి తురమండి. అర చెంచా ఉప్పు కలిపి పావుగంట వదలండి. మాగాయ ముక్కల్లో ఊట దిగినట్టే ఇందులోనూ దిగుతుంది. బయట ఉప్పు ఎక్కువగా ఉన్నప్పుడు కాయ కణాల్లోని నీరు ఆ ఉప్పువైపు నడుస్తుంది. ఆ నీటిని ముందే పిండేస్తే సరే, లేకపోతే పెరుగులో కలిశాక అక్కడ తీరిగ్గా దిగుతుంది. పొద్దున గట్టిగా ఉన్న జాజీకి మధ్యాహ్నానికి నీళ్ళలా మారడం అందుకే. పిండిన తురుమును పెరుగులో కలిపి, ఒక వెల్లుల్లి రెబ్బ నూరి, చెంచా వెనిగర్, పెద్ద చెంచా ఆలివ్ నూనె, సన్నగా తరిగిన సోయకూరో పుదీనాయో వేయండి. ఉప్పు రుచి చూసి వేయాలి, కీరకు ఇప్పటికే పట్టి ఉంది.

జాజీకి ఇంకో మేలు కూడా చేస్తుంది. బర్గర్లలో, షవర్మాలో వేసే మయోనైజ్‌ను చాలాచోట్ల పచ్చిగుడ్డుతో చేసేవారు. కలుషితమైన తిండి కేసులు వచ్చాక 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను నిషేధించింది. పెరుగుతో చేసుకునే జాజీకిలో ఆ పచ్చిగుడ్డు బెడదే లేదు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేస్తే చాలు.

పెనం దగ్గర

ముద్దను ఆరు భాగాలు చేయండి. గారెలు తట్టినట్టే చెయ్యి తడిచేసుకుని, 10 సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటరు మందంతో తట్టండి. కాలేటప్పుడు అంచులు ముడుచుకుని మధ్యభాగం ఉబ్బుతుంది కాబట్టి ప్యాటీ నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కండి. గారెకు చిల్లు ఉన్నట్టు దీనికి గుంట. బన్ను కన్నా ప్యాటీ కొంచెం వెడల్పుగానే ఉండాలి, కాలాక సరిపోతుంది.

దోసెల పెనం, అందులోనూ ఇనుపదైతే మేలు. మధ్యస్థంగా కాగనివ్వండి. నీటిచుక్క వేస్తే చిటపటలాడి ఎగిరిపోవాలి. ప్యాటీ పైభాగం తడిగా ఉంటే టిష్యూతో అద్దండి. దీనికో కారణముంది. మాంసానికి కమ్మని వాసన, గోధుమరంగు రావాలంటే ఉపరితలం 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. నీరున్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. పైన తడి ఉంటే ప్యాటీ కాలదు, ఉడుకుతుంది.

పెనం మీద పల్చగా నూనె రాసి, ప్యాటీకి ప్యాటీకి రెండు వేళ్ళ ఎడం ఉండేలా వేయండి. ఐదు నిమిషాలు ముట్టుకోకండి. రంగు పట్టాక అదే పెనాన్ని వదులుతుంది. ఒక్కసారే తిప్పి మరో ఐదు నిమిషాలు కాల్చండి. చివరి రెండు నిమిషాలు సెగ తగ్గించి మూతపెడితే లోపలి దాకా వేడి చేరుతుంది. అట్లకాడతో నొక్కి ‘చుయ్’మనిపించాలని చెయ్యి దురదపెడుతుంది. ఆ శబ్దం మనం ఇంతసేపూ దాచిన నీరు ఆవిరైపోతున్న శబ్దం.

ఉడికిందో లేదో చూడడంలో మాత్రం రాజీ పడొద్దు. ముక్కల మాంసంలో సూక్ష్మజీవులు ఎక్కువగా పైపైనే ఉంటాయి. కైమా కొట్టినప్పుడు అవి లోపలికంతా కలుస్తాయి. సాల్మొనెల్లా వంటివి చావాలంటే ప్యాటీ నడిమధ్య 74 డిగ్రీల వేడి తగలాలి. వంటకు వాడే ముల్లు థర్మామీటరును పక్కనుంచి మధ్యకు గుచ్చితే తెలిసిపోతుంది. అది లేకపోతే అన్నిటికన్నా మందంగా ఉన్న ప్యాటీని కోసి చూడండి. ఎక్కడా గులాబీ ఛాయ ఉండకూడదు, రసం తేటగా రావాలి. ఇందులో పాలకూర, ఆలివ్‌లు ఉన్నందున రంగు మోసం చేయవచ్చు, అనుమానముంటే మరో రెండు నిమిషాలు ఉంచండి. 74 దాటి ఎంత పోతే అంత నీరు పోతుందన్నదీ గుర్తుంచుకోండి. పచ్చి కైమా తగిలిన పలక మీద, కత్తితో కీర, టమాటా కోయకూడదు.

దింపాక మూడు నిమిషాలు పళ్ళెంలో ఆగనివ్వండి. సెగ తగ్గితే రసం లోపలే నిలకడగా సర్దుకుంటుంది. వెంటనే కొరికితే అది బన్నులోకి దిగుతుంది.

బన్నులో పేర్పు

బన్నును రెండుగా కోసి, లోపలి వైపు పెనం మీద వెన్నో ఆలివ్ నూనో రాసి దోరగా కాల్చండి. ఆ కరకర పొర బన్నులోకి తడి ఇంకకుండా ఆపే గోడ. కింది బన్ను మీద మొదట లెట్యూస్ ఆకు, అది రెండో గోడ. దానిమీద ప్యాటీ, ఒక పెద్ద చెంచాడు జాజీకి, గింజలు తీసి గుడ్డమీద ఆరనిచ్చిన టమాటా చక్రాలు, వెనిగర్‌లో పది నిమిషాలు నానిన ఎర్ర ఉల్లి చక్రాలు. పైన మూత బన్ను. బన్ను లేకపోతే పావ్ అయినా, పీటా బ్రెడ్డు అయినా, ఇంట్లో చేసిన కుల్చా అయినా నడుస్తుంది. వేడి వేడి ప్యాటీ, చల్లని జాజీకి కలిసే క్షణంలోనే రుచి ఉంటుంది కాబట్టి ముందుగా పేర్చి పెట్టొద్దు.

కొలతలు (ఆరు బర్గర్లకు)

ప్యాటీకి: చికెన్ కైమా 500 గ్రాములు, బ్రెడ్డు ఒక ముక్క, పాలు మూడు పెద్ద చెంచాలు, పాలకూర ఒక చిన్న కట్ట, ఉల్లిపాయ చిన్నది ఒకటి, వెల్లుల్లి రెండు రెబ్బలు, ఆలివ్‌లు ఎనిమిది, ఫెటా 75 గ్రాములు, ఎండు ఒరెగానో ఒక చెంచా, పుదీనా కొద్దిగా, మిరియాల పొడి అర చెంచా, జీలకర్ర పొడి చిటికెడు, అర నిమ్మకాయ తొక్క తురుము, ఆలివ్ నూనె ఒక పెద్ద చెంచా, ఉప్పు అర చెంచా. ఫెటాలో, ఆలివ్‌లలో ఉప్పుంది, అందుకే ఇంత తక్కువ. ముద్దలోంచి రూపాయి బిళ్ళంత తీసి పెనం మీద కాల్చి రుచి చూస్తే ఉప్పు చాలిందో లేదో తెలుస్తుంది. పచ్చిముద్ద నాలుకకు తగిలించొద్దు.

జాజీకికి: పెరుగు అర లీటరు; కీరదోస ఒకటి; వెల్లుల్లి ఒక రెబ్బ; వెనిగర్ ఒక చెంచా; ఆలివ్ నూనె ఒక పెద్ద చెంచా; సోయకూర లేదా పుదీనా రెండు పెద్ద చెంచాలు.

తేడా వస్తే

తిప్పేటప్పుడు ప్యాటీ విరిగితే: పాలకూరో ఉల్లో సరిగా పిండలేదు, లేదా ఉప్పు వేశాక కలిపింది చాలలేదు. మిగిలిన ముద్దను ఇంకో అర నిమిషం కలిపి చూడండి.

రబ్బరులా సాగితే: కైమా మరీ మెత్తగా పడింది, లేదా ఉప్పు ముందే కలిపారు.

పిప్పిలా ఉంటే: అంతా రొమ్ము మాంసమే అయ్యుండాలి, లేదా పెనం మీద ఎక్కువసేపు ఉంచారు.

పెనం నిండా నీళ్ళు ఊరితే: ఒకేసారి ఎక్కువ ప్యాటీలు వేశారు. ఆవిరి పోయే దారి లేక అవి తమ నీటిలో తామే ఉడుకుతున్నాయి. సగం తీసి విడతలుగా కాల్చండి.

మిగిలిన పచ్చి ప్యాటీల మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. వాడేముందు రాత్రి కింది అరలోకి మార్చి కరగనివ్వండి, గట్టుమీద వదిలేయకండి. కరిగినప్పుడు వదిలిన నీటిని అద్ది తీశాకే పెనం మీద వేయాలి.

మొదటి విడత కాల్చి, ఒక బర్గర్ తిన్నాక మీ పళ్ళెం చూసుకోండి. ప్యాటీ మెత్తగా ఉండి, పళ్ళెంలో నీరు నిలవకపోతే లెక్క సరిపోయినట్టే. రెండో విడత ధైర్యంగా పెనం మీద వేయండి.